మిగిలిపోయిన బోల్టు

(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను బొగ్గుబాయిల్లో బ్రేక్‌డౌన్ ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. కబురొస్తే రామగుండంలో బండెక్కి గోదావరి దాటి మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, ఎక్కడికైనా పోవాల్సిందే. అప్పుడవి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు. 2016 నుంచి పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలయ్యాయి. "బల్బు మార్చడానికి అంత దూరమా?" అని మా ఇంటావిడ ఎగతాళి చేసేది.

బాయి కరెంటు ఇంటి కరెంటు కాదమ్మా. బొగ్గులోంచి మీథేన్ గ్యాసు ఊరుతుంది. అది గాలిలో నూటికి 5 నుంచి 15 పాళ్లుంటే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే 1.25 పాళ్లు దాటితే కరెంటు ఆపేయాలని 1956 నాటి విద్యుత్ నియమావళి చెప్పింది. బాయిలో వాడేవి ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలు. వాటిలోకి గ్యాసు రాదనుకుంటారు చాలామంది. వస్తుంది. లోపల పేలినా పెట్టె పగలదు. మూత అంచుల మధ్య సన్నని సందులోంచి బయటికొచ్చేలోగా మంట చల్లారిపోతుంది. బోల్టులన్నీ బిగిస్తేనే ఆ సందు సందుగా ఉంటుంది. 1965 మే 28న బీహారులోని (ఇప్పుడు జార్ఖండ్) ధోరీ గనిలో జరిగిన పేలుడులో 268 మంది పోయారు. ట్రైనింగులో ఆ సంగతి విన్నవాణ్ణే నేను.

అయినా ఒకనాటి రాత్రి షిఫ్టులో తప్పుదారి తొక్కాను. స్విచ్చు చెడి ఫేసు ఆగిపోయింది. టబ్బులు ఖాళీగా నిలబడ్డాయి. అందరూ నా మొహమే చూస్తున్నారు. రిపేరు చేసి, మూత వేసి, కరెంటు ఇవ్వమన్నాను. నాకంటే పెద్దవాడైన హెల్పరు కదల్లేదు.

"సారూ, ఒక బోల్టు నా చేతుల్నే ఉన్నది."

"ఒక్కదానికేమైతది? పొద్దుగాల పెడదాం."

"అయితే కరెంటు సుత పొద్దుగాల్నే ఇద్దాం సారూ."

అందరి ముందూ ఆయన్ను కసిరాను. కానీ మూత విప్పి చూస్తే ఆ బోల్టు రంధ్రంలో మట్టి పూడుకుంది. శుభ్రం చేసి, బిగించి, ఫీలర్ గేజితో చుట్టూ చూసేసరికి అరగంట పట్టింది. ఆ రాత్రి అక్కడ గ్యాసు లేదు. బోల్టు లేకున్నా ఏమీ అయ్యేది కాదేమో. కానీ షిఫ్టులో ఉన్నవాళ్ల ప్రాణాలను "ఏమో" మీద పెట్టే హక్కు నాకెవరిచ్చారు?

ఆయన పదవీ విరమణనాడు శాలువా కప్పాను, దండ వేశాను. ఈ మాట మాత్రం చెప్పలేదు. సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉన్నవాణ్ణన్న గర్వం అడ్డొచ్చింది.

ఆయన ఈరోజు చివరి వరుసలో మనుమరాలితో కూర్చున్నారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. అన్నా, ఆ రాత్రి నువ్వు చెప్పిందే న్యాయం. కసిరినందుకు క్షమించు.

మన పిల్లల్లో ఈ పనిలో ఉన్నవాళ్లకు నాదొక్కటే మనవి. కింది మనిషి "ఆగు" అంటే ఆగండి.

సెలవు.