కొడాక్‌కు తెలియక కాదు

ఈ స్మారకోపన్యాసం వాణిజ్యశాస్త్రం బోధించిన మా మాస్టారి పేరిట జరుగుతోంది. ఏ కంపెనీ మంచిచెడ్డలు మాట్లాడినా ముందు దాని జమాఖర్చులు చూడమనేవారు ఆయన. అందరికీ తెలిసిన ఒక కథను ఈరోజు అలా చూద్దాం.

కొత్త సాంకేతికత ధాటికి పెద్ద కంపెనీ ఎలా కూలుతుందో చెప్పాల్సివస్తే అందరూ కొడాక్ పేరే ఎత్తుతారు. డిజిటల్ కెమెరా వస్తుంటే కళ్లు మూసుకుని కూర్చుందంటారు. ఈ మాట అన్యాయం. చేత్తో మోయగల తొలి డిజిటల్ కెమెరా 1975లో తయారైంది కొడాక్ ప్రయోగశాలలోనే, అమెరికాలోని రోచెస్టర్ నగరంలో. స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు చేశాడు. బరువు మూడున్నర కిలోల పైమాటే. ఒక్క నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఆ బొమ్మలో ఉన్నవి 10 వేల చుక్కలే. 1978లో కొడాక్‌కు దానిపై పేటెంటు కూడా దక్కింది.

అంత ముందే తెలిసినా ఎందుకు నిలదొక్కుకోలేదు? నలభై దాటినవారికి రీలు గుర్తుండే ఉంటుంది. రీలు కొనాలి, 36 బొమ్మలూ పూర్తయ్యేదాకా ఆగాలి, స్టూడియోలో ఇచ్చి ఫొటోలు కడిగించాలి. రీలు మీద, కడిగే రసాయనం మీద, ప్రింటు కాగితం మీద మూడుచోట్లా కొడాక్‌కు డబ్బే. ఒక ఇంట్లోకి కెమెరా వెళ్లిందంటే ఆ ఇంట జరిగే ప్రతి పెళ్లికీ ప్రతి బారసాలకూ ఆదాయం వస్తూనే ఉండేది. డిజిటల్ కెమెరాకు ఈ మూడింటితోనూ పనిలేదు. 2005 నాటికి అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో కొడాక్ ముందు వరసలోనే ఉంది. కానీ రీళ్లు తెచ్చిపెట్టినంత లాభం కెమెరాలు తేలేదు. ఆపైన ఫోనే కెమెరా అయింది. 2012 జనవరిలో కొడాక్ దివాలా చట్టం కింద రక్షణ కోరింది.

హార్వర్డ్ ఆచార్యుడు క్లేటన్ క్రిస్టెన్సెన్ 1997లో వెలువరించిన పుస్తకంలో ఈ చిక్కును వివరించాడు. కొత్త వస్తువు మొదట నాసిగా, చవకగా ఉంటుంది. పెద్ద ఖాతాదారులు దాన్ని అడగరు. వాళ్ల మాట శ్రద్ధగా వినే కంపెనీయే చివరికి దెబ్బతింటుంది. చరిత్రకారిణి జిల్ లెపోర్ 2014లో ఆయన ఉదాహరణలనే తిరగేసి, అవి అంత గట్టివి కావని వాదించింది. నాకు తోచినంతవరకు పడిపోవడాన్ని ఈ సిద్ధాంతం బాగానే వివరిస్తుంది. నిలబడినవాళ్లు ఎలా నిలబడ్డారన్నది ఇందులో సరిగ్గా దొరకదు.

అందుకు జపాన్ వైపు చూడాలి. ఫిలిం అమ్మకాలు 2000 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత జారిపోయాయి. ఆ దెబ్బ అక్కడి ఫిలిం కంపెనీ ఫూజీఫిల్మ్‌కూ తగిలింది. అధిపతి షిగెతాకా కొమోరి తన ఇంజనీర్ల చేతిలో ఏయే విద్యలున్నాయో లెక్క తీయించాడు. ఫిలింలో వాడే జిలటిన్ కొల్లాజెన్ నుంచి వచ్చేదే. చర్మానికి బిగువునిచ్చేదీ కొల్లాజెనే. ఫొటో రంగు వెలవకుండా ఆపే రసాయనాల పరిజ్ఞానం చర్మం ముడతలు పడకుండా చూడటానికీ పనికొచ్చింది. అలా 2007లో ఆస్టాలిఫ్ట్ అనే సౌందర్య సాధనాలు వచ్చాయి. పలచని పొరలు తయారుచేసే నేర్పు ఎల్‌సీడీ తెరలకు కావలసిన ఫిలిం అయింది. 2008లో ఫూజీ తొయామా కెమికల్ అనే మందుల కంపెనీని చేజిక్కించుకుంది. మందుల వ్యాపారంలోకి కొడాక్ కూడా వెళ్లింది. 1988లో స్టెర్లింగ్ డ్రగ్‌ను కొని, 1994కల్లా అమ్ముకుని బయటపడింది. ఆ ఏడాదే తన రసాయనాల విభాగాన్ని సైతం వేరుచేసుకుంది. ఏ విద్య అక్కరకు వచ్చేదో దాన్నే వదులుకుందని నా అభిప్రాయం.

ఫూజీ గెలుపును వట్టి విజయగాథగా చెప్పడం నాకిష్టం లేదు. 2006లో 5 వేల ఉద్యోగాల కోత ప్రకటించింది. అటు రోచెస్టర్‌లో ఎన్నో కుటుంబాలు తరతరాలుగా కొడాక్‌నే నమ్ముకుని బతికాయి. నిర్ణయం పైవాళ్లది, నష్టం కిందివాళ్లది.

ఈ కథ మనకు దూరమేమీ కాదు. హైదరాబాద్‌లో ఐటీ సేవల కంపెనీలు చాలావరకు ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారన్న లెక్కమీదే డబ్బు తీసుకుంటున్నాయి. కోడ్ రాయగల కృత్రిమ మేధ ఆ లెక్కకే గురిపెట్టింది. ఈ సభలో ఉన్న కంపెనీ పెద్దలను చేతులెత్తి అడుగుతున్నాను: మీ లాభాల్లో ఒక వాటా ఉద్యోగులకు కొత్త విద్య నేర్పడానికి ఈ ఏడాదే కేటాయించండి. రాబడి తగ్గాక ఆ ఖర్చుకు ఏ బోర్డూ ఒప్పుకోదు.