కాలువ గట్టున గాలం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక కాలక్షేపం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆధ్యాత్మికం చెప్పే పెద్దలు నా తర్వాత ఉన్నారు. నేను చేపల గాలం గురించి చెబుతాను. నవ్వకండి. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ అనే బట్టల వ్యాపారి 1653లో గాలపు వేట మీద ఒక గ్రంథమే వెలువరించాడు. ఈకలు, దారాలతో ఈగల్లాంటి బొమ్మలు కట్టి నీటిమీదకు విసిరే ఫ్లై ఫిషింగ్ భాగాన్ని 1676లో చార్లెస్ కాటన్ దానికి చేర్చాడు. మన కాటన్ దొర వేరు. ఆయన ఆర్థర్ కాటన్. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించిన ఆ దొరగారి చలవతో పారే కాలువ గట్టునే నేను కూర్చునేది. అన్నట్టు, వాల్టన్ తొంభై ఏళ్లు బతికాడు. మా ఇంట్లో ఎవరైనా ఆక్షేపిస్తే ఈ మాటే చెబుతుంటాను.

మా సరంజామా స్వల్పం. వెదురు కర్ర, నైలాను దారం, గాలపు ముల్లు, జీలుగు బెండు, ఎరకు వానపాములు. చూడవలసింది బెండునే. చిన్న పరిగెలు ఎరను గీకుతుంటే అది టకటకమని ఊగుతుంది. అప్పుడు తొందరపడి లాగితే ఖాళీ ముల్లే వస్తుంది. పెద్ద చేప నోట పట్టినప్పుడు బెండు నిదానంగా పక్కకు జరిగి మునుగుతుంది. అర్జెంటు అని ఎర్రసిరాతో రాసిన ఫైలు ఊరికే ఊగేదే ఎక్కువని సర్వీసులో మనందరికీ తెలిసినదేగా!

ఇవన్నీ నాకు నేర్పినది మా ఆఫీసులో అటెండరుగా చేసిన మిత్రుడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయన నా ఎదుట కుర్చీలో కూర్చోలేదు. గట్టుమీద ఇద్దరికీ ఒకే తుండుగుడ్డ. కాలువ పక్కన తూడు పెరిగిన గుంటలో ఒకసారి కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి తేలాయి. అలాంటిచోట కప్పను ఎర వేస్తే కిందనున్న పెద్ద చేప ఎగిరి పట్టుకుంటుందని విని, ఉబలాటపడ్డాను. ఆయన నా కర్ర పట్టుకుని ఆపారు.

“అది తిండికోసం రాదు సార్, పిల్లల్ని కాయడానికి వస్తుంది. దాన్ని తీసుకుపోతే వీటిని మిగతా చేపలు మింగేస్తాయి.”

ఇద్దరం బెండు తీసి కాలువలోనే వేసుకున్నాం.

కిందటేడు ఆయన భార్య కాలం చేసింది. పెద్దకర్మ అయిన నాలుగోనాడు గాలం పట్టుకుని వచ్చారు. పరామర్శ మాటలు ఏవో కూడగట్టుకుని ఉన్నాను గానీ, ఆయన నావైపు చూడలేదు. చెరో బెండు చూస్తూ గంటకు పైగా కూర్చున్నాం. ఎర ఎప్పుడు పోయిందో ఇద్దరమూ గమనించలేదు.

“జెల్లల పులుసు బాగా పెట్టేది సార్” అన్నారు.

“అవును, నేనూ తిన్నాను” అన్నాను.

ఆపైన చాలాసేపు ఆమెను గురించే చెప్పారు. వాళ్లింటికి వెళ్లి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆ మాటలు వచ్చేవి కావు. ఇద్దరి చూపూ నీటిమీద ఉండబట్టే వచ్చాయి.

వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసిన రోజుల్లో మాకూ సెలవే. నీళ్లు వదిలాక మీలో ఎవరైనా రాదలిస్తే ఉదయం ఆరు గంటలకు రండి. నా దగ్గర కర్ర ఒకటి అదనంగా ఉంది. వానపాములు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి.