మ్రానును వంచు విద్య



అమరము వల్లించి, లఘుకౌముది చదివి, ముప్పదియైదేండ్లు గ్రామపాఠశాలలలో తెలుఁగు చెప్పి విశ్రాంతి గైకొనిన పండితుఁడు గోల్ఫు ఆటను గూర్చి ప్రసంగింప వచ్చెనన్నచో మీకు నవ్వు రావచ్చును. ఆ యాటలో నాకు ప్రవేశము లేదు. ఆ కఱ్ఱను చేతఁబట్టినవాఁడనైనను గాను. అయినను, ముప్పదియేండ్ల క్రిందట నేను చేసిన యొక పొరపాటు ఆ యాటవలననే నాకు తెలియవచ్చినది. దానిని మీతో చెప్పుకొనుటకే నేఁడు ఈ విషయము నెన్నుకొంటిని.

గడచిన సంక్రాంతికి విశాఖపట్టణమున మా మేనల్లుని యింట నుంటిని. అతఁడు ఏఁబదియేండ్లు దాఁటినవాఁడు. ఎవరియొద్దను పాఠము చెప్పించుకొనక, చూచినది చూచినట్లు పట్టుకొని, పండ్రెండేండ్లుగా గోల్ఫు ఆడుచున్నాఁడు. ఒకనాఁటి యుదయమున నన్ను మైదానమునకు తోడ్కొని పోయెను. అచ్చట తనకంటె ఇరువదియేండ్లు చిన్నవాఁడైన గురువు ముందర నిలిచి, కొట్టిన ప్రతి బంతిని తప్పుచుండెను. నేను నవ్వు ఆఁపుకొనలేక, "నాయనా, పండ్రెండేండ్లు ఆడినవాఁడవు, నేఁడు మొదలుపెట్టిన పసివానివలె తప్పుచున్నావేమి?" అని యడిగితిని. అతఁడు చెమట తుడుచుకొని, "మామయ్యా, తప్పుడు అలవాటును వదలించుకొనుచున్నాను. కొన్ని నెలలు ఆట ఇంతకంటెను చెడునని గురువుగారు మొదటనే చెప్పినారు" అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. ఎందుకో చెప్పుటకు ముందు, ఆ యాట యెట్టిదో కొంచెము విన్నవించెదను.

ఈ యాట స్కాట్లండు దేశమున పెరిగినది. ప్రజలు విలువిద్య మాని దీనిలో మునిఁగిపోవుచున్నారని 1457వ సంవత్సరముననే ఆ దేశపు పార్లమెంటు దీనిని నిషేధించెను. నిషేధము పోయినది, ఆట నిలిచినది. బిళ్ళంగోడు ఎఱిఁగినవారికి దీనిని తెలుపుట సులభము. చేతిలో పొడవైన కఱ్ఱ, దాని కొనకు లోహపు తల. నేలమీఁద నిమ్మకాయంత బంతి. వందలకొలఁది గజముల దూరమున నాలుగుంబావు అంగుళముల వెడల్పు గల గుంత. ఇట్టి గుంతలు పదునెనిమిది. ఎంత తక్కువ దెబ్బలతో బంతిని వానిలో వేసిన అంత గొప్ప.

బిళ్ళంగోడులో బిళ్ళ యెగిరిన పిమ్మట దానిని కొట్టవలెను. ఇందు బంతి కదలక నేలపై నుండును. కదలని బంతిని కొట్టుటలో కష్టమేమని మీరడుగవచ్చును. కష్టమంతయు అచ్చటనే యున్నది. బంతి కదలదు గావున, తప్పిన దోషమంతయు కొట్టినవానిదే.

కఱ్ఱను భుజముమీఁదికెత్తి, దించి, కొట్టి, ముగించు కదలికనంతటిని వారు స్వింగు అందురు. మనము విసరు అందము. పైనుండి కఱ్ఱ దిగి బంతిని చేరుటకు పట్టు కాలము సెకనులో ఇంచుమించు నాలుగవ వంతు. గొప్ప నేర్పరి కొట్టునప్పుడు కఱ్ఱతల గంటకు 170 కిలోమీటర్లకు మించిన వేగముతో వచ్చును. అది బంతిని తాఁకియుండునది సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ లిప్తలో బంతి దారి ఒక్క డిగ్రీ తొలఁగినను, 250 గజములు పోవునప్పటికి అది నాలుగు గజములకు మించి ప్రక్కకు పడును. ఇందు ఆలోచించి దిద్దుకొనుటకు వ్యవధి యెక్కడిది? చేయి ముందే యెఱిఁగియుండవలెను. ఆ యెఱుకనే మనము అభ్యాసమందుము. తప్పు అభ్యాసమును తొలఁగించుట కష్టమగుటయు అందువలననే. ఆ తప్పు బుద్ధిలో నుండదు, చేతిలో నుండును. చెప్పఁగానే బుద్ధి వినును, చేయి వినదు.

ఇంకొక చిక్కు కలదు. మా మేనల్లుని తప్పునే చూడుఁడు. అతఁడు కఱ్ఱను పట్టు తీరు సరికానందున, బంతిని తాఁకునప్పుడు కఱ్ఱముఖము కుడివైపునకు తెఱచుకొనియుండెడిది. బంతి గాలిలో కుడికి వంకరపోయెడిది. దానికి తనకుఁదానే యొక చికిత్స కనిపెట్టుకొనెను. గుఱికి ఎడమగా తిరిగి నిలిచి కొట్టుట మొదలుపెట్టెను. కుడికి వంగు బంతి వంగి వంగి గుఱియొద్దనే పడుచుండెను. ఒక తప్పును మఱియొక తప్పు కప్పెను. రెండును కలిసి పండ్రెండేండ్లు ఒప్పువలె చలామణి యయ్యెను.

గురువు మొదట పట్టును దిద్దెను. బంతి తిన్నగా పోయెను. తిన్నగా పోయి ఎడమవైపు చెట్లలో పడెను. పట్టు క్రొత్తది, నిలుకడ పాతది గదా! చూచువారికి శిష్యుఁడు చెడిపోయినట్లే తోఁచును. నిజమునకు దిద్దుబాటు సగము దారిలో నున్నది. ఒరిగిన గోడకు పెట్టిన ఊఁతను తీసినఁగాని గోడను తిన్నగా కట్టలేము. ఊఁత తీసిన క్షణమున గోడ మునుపటికంటె భయము గొల్పును.

ఇది సామాన్యుని మాట. లోకప్రసిద్ధుఁడైన యొకని చరిత్ర వినుఁడు. నిక్ ఫాల్డో అను ఆంగ్లేయుఁడు 1957లో జన్మించెను. 1971లో, పదుమూఁడేండ్ల ప్రాయమున, జాక్ నిక్లాస్ అను అమెరికా వీరుని యాటను టెలివిజనులో చూచి తానును కఱ్ఱ పట్టెను. 1976లో ఆటనే వృత్తిగా గైకొనెను. 1983లో ఐరోపాఖండమున ఐదు పోటీలు గెలిచి, ఆ యేఁటి సంపాదనలో అందఱికంటె ముందుండెను. ఇట్టివానికి కొఱత యేమి? మహాపోటీల కడపటి దినమున, గుండె దడదడ కొట్టుకొను వేళ, అతని విసరు నిలువకుండెను. ఫాల్డో పేరును మార్చి, కుప్పకూలువాఁడను అర్థము వచ్చునట్లు ఫోల్డో అని హేళన చేసిరి.

అప్పుడు అతఁడు అరుదైన పని చేసెను. 1985లో డేవిడ్ లెడ్‌బెటర్ అను గురువునొద్ద చేరి, తన విసరును పునాదినుండి మార్చుమని కోరెను. పూర్వము అతని కఱ్ఱ నిటారుగా లేచెడిది, కాళ్లు అధికముగా కదలెడివి. మంచిదినమున చేతుల నేర్పు ఆ లోపములను సరిపఱచెడిది, చెడ్డదినమున సరిపఱుపలేకుండెను. క్రొత్త విసరులో మణికట్టు ముందుగనే మడఁగవలెను, కఱ్ఱ శరీరము చుట్టును తిరుగవలెను, కాళ్లు నిలుకడగా నుండవలెను, చేతులును మొండెమును కలిసి మరలవలెను. చెప్పుటకు నాలుగు మాటలు. నేర్చుటకు రెండేండ్లు పట్టెను. 1985లో అతఁడు ఒక్క పోటీయు గెలువఁడయ్యెను. 1986లోను గెలువఁడయ్యెను. అగ్రస్థానమున నుండినవాఁడు ఏండ్లతరబడి లోకము చూచుచుండఁగా ఓడిపోవుట యెట్టి పరీక్షయో ఊహింపుఁడు.

1987 ఏప్రిల్ నెలలో అమెరికాలో మాస్టర్స్ అను మహాపోటీ జరిగెను. ఫాల్డోకు ఆహ్వానము లేదు. అదే వారమున అతఁడు హాటిస్‌బర్గ్ అను ఊరిలో జరిగిన చిన్నపోటీలో ఆడెను. నాలుగు దినములును వరుసగా 67 దెబ్బలతో ముగించెను. వచ్చినది రెండవస్థానమే. కాని నాలుగు దినములు ఒకే తీరుగా నిలుచుట, మునుపు అతని విసరులో లేని గుణము.

ఆ జూలై 19వ తేదీన, ముప్పది నిండిన మఱునాఁడే, స్కాట్లండులోని మ్యూర్‌ఫీల్డు మైదానమున ఓపెన్ అను మహాపోటీ కడపటి దినము వచ్చెను. మంచు క్రమ్మి, తేమగాలి వీచుచుండెను. గుంత గుంతకు నిపుణుఁడైనవానికి ఇన్ని దెబ్బలు చాలునని యొక లెక్క కలదు. దానిని పార్ అందురు. ఫాల్డో ఆ దినమున పదునెనిమిది గుంతలలోను సరిగా ఆ లెక్కకే ఆడెను. ఒక్కటియు తగ్గలేదు, ఒక్కటియు హెచ్చలేదు. కడపటి గుంతలో నాలుగైదు అడుగుల దూరమునుండి బంతిని లోపలికి దొరలించెను. అప్పటివఱకు ముందున్న పాల్ ఏజింగర్ అను అమెరికావాఁడు చివరి రెండు గుంతలలోను ఒక్కొక్క దెబ్బ పోఁగొట్టుకొనెను. ఫాల్డో ఒక్క దెబ్బ తేడాతో గెలిచెను. ఆ మీఁదట 1996 వఱకు మఱి యైదు మహాపోటీలు గెలిచెను. 2009లో ఆంగ్లప్రభుత్వము అతనికి సర్ బిరుదము నొసఁగెను.

ఓడినవాఁడే కాదు, గెలిచినవాఁడును ఈ బాట పట్టిన సందర్భము కలదు. 1997లో టైగర్ వుడ్స్, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, మాస్టర్స్ పోటీని పండ్రెండు దెబ్బల తేడాతో గెలిచెను. ఆ పిమ్మట తన విసరులో లోపము కనిపెట్టి, గురువు బుచ్ హార్మన్ సహాయమున దానిని విప్పి మరలఁ గట్టుకొనెను. 1998లో అమెరికా వృత్తిపోటీలలో అతనికి దక్కిన విజయము ఒక్కటే. 2000వ సంవత్సరమున అమెరికా ఓపెన్‌ను పదునైదు దెబ్బల తేడాతో గెలిచెను.

అయితే పాఠము నడుచు తీరెట్టిది? నేను విశాఖలో చూచినది చెప్పెదను. మొదట బంతి లేకయే విసరుట. పిదప సగము విసరు, మెల్లమెల్లగా. ఒక దినమున ఒక్క తప్పే. రెండవదానిని తలపెట్టరాదు. చేతులు మొండెమును విడిచిపోకుండుటకు చంకలో తువాలు ఇఱికించుకొని విసరుట. తువాలు జాఱిన తప్పు జరిగినట్లే. గురువు దానినంతటిని చరవాణిలో చిత్రించి వెంటనే చూపుచుండెను. ఇందు నేనొక వింత గమనించితిని. మా మేనల్లుఁడు, "ఇప్పుడు చేతులను మిక్కిలి త్రిప్పితిని" అనును. చిత్రములో చూచిన, చేతులు వెండ్రుకవాసియైనను తిరుగలేదు. తప్పునకు అలవాటుపడిన శరీరమునకు ఒప్పే వంకరగా తోఁచును. అందువలన తన తప్పును తాను దిద్దుకొనఁగోరువానికి పరుని కన్ను కావలెను.

ఇప్పుడు నా పొరపాటు చెప్పెదను.

ముప్పదియేండ్ల క్రిందట నా తరగతిలో నొక రైతుబిడ్డ యుండెను. ఆఱవ తరగతి. తెలివిగలవాఁడు. కలమును పిడికిటితో బిగించి పట్టి, మణికట్టు వంచి వ్రాసెడివాఁడు. అక్షరములు మోటుగానున్నను వేగముగా వ్రాసెడివాఁడు. పెద్దతరగతులలో ఇది నడువదని తలఁచి, మూఁడు వేళ్లతో కలము పట్టుట నేర్పఁ బూనుకొంటిని. రెండు నెలలు గడచెను. వాని వ్రాఁత మునుపటికంటె చెడెను. అర్ధసంవత్సరపరీక్ష వచ్చెను. సగము ప్రశ్నలకు జవాబులు వ్రాయలేక కాగితమిచ్చెను. తోడిపిల్లలు నవ్విరి. తండ్రి వచ్చి, "పంతులుగారూ, మావాఁడు మునుపే బాగుండెను గదండీ" అనెను. నాకును ఓర్పు నశించెను. వానిని పిలిచి, "నీ యిష్టము వచ్చినట్లు వ్రాసికొమ్ము" అంటిని. వాఁడు తల వంచుకొని పోయెను. దిద్దలేకపోయిన వాఁడను నేను. చేతకానివాఁడనని తలఁచుకొన్నది వాఁడు.

పదవ తరగతి పరీక్షనాఁడు వాఁడు బయటికి వచ్చి నాకు కుడిచేయి చూపెను. వేళ్లు కొంకరపోయి తెఱచుకొనకుండెను. జవాబులు తెలిసియు మూఁడు గంటలు వ్రాయలేక విడిచిపెట్టి వచ్చెను.

ఇన్నాళ్లును నేను, మొక్కై వంగనిది మ్రానై వంగునా యని ఆ సామెతతో నన్ను నేను సమాధానపఱచుకొంటిని. మైదానమున మా మేనల్లుని మాట విన్ననాఁడు ఆ సమాధానము చెల్లదని తెలిసెను. నేను దిద్దఁబూనుట తప్పు కాదు. కొంతకాలము వ్రాఁత చెడునని వానికిని వాని తండ్రికిని మొదటనే చెప్పకపోవుట తప్పు. పరీక్ష దగ్గఱపడిన వేళ మొదలుపెట్టుట తప్పు. ఊఁత తీసి, గోడ కట్టక, నడుమ విడిచిపోవుట అన్నింటికంటె పెద్ద తప్పు. ఆ యువగురువు మా మేనల్లునికి మొదటి దినమున చెప్పిన ఒక్క మాటను నేను నా శిష్యునికి చెప్పియుండిన, వాఁడు మఱి రెండు నెలలు ఓర్చుకొనియుండునేమో.

అట్లని కనఁబడిన ప్రతి అలవాటును మార్చుమని నేననుట లేదు. నిష్కారణముగా మార్చి ఉన్నదియుఁ బోఁగొట్టుకొన్న ఆటగాండ్రును కలరు. పని నడుచుచు, దేహమునకు బాధ లేనిచో, వంకర యున్నను విడిచిపెట్టవచ్చును. ముందు ముందు అడ్డుపడునని తోఁచినచో, కాలము చూచుకొని, దిద్దగలవాని నాశ్రయించి, తుదివఱకు నడువవలెను.

గ్రామపెద్దలారా, రచ్చబండమీఁద కూర్చుండి మనమాడు మాటకు బలము కలదు. పక్షవాతము తగిలిన పిమ్మట నడక నేర్చుకొనుచు తూలువాఁడు, త్రాగుడు మాని చేతులు వణఁకువాఁడు, ఏఁబదవయేట అక్షరములు దిద్దుచు తప్పులు వ్రాయునామె, వీరందఱును ఊఁత తీసిన గోడవంటివారు. వారిని చూచి, మునుపే బాగుండెను గదా అను మాట మన నోట రాకుండుఁ గాక. ముదిరిన వెదురును మేదరి సెగ చూపి తిన్నగా చేయును. మ్రానును వంగును. దానికి సెగయు, వంచువాని చేయియు, చూచువారి ఓర్పును కావలెను.

మా మేనల్లుఁడు గతవారము ఫోనులో మాటలాడెను. బంతులు ఇంకను చెట్లలోనే పడుచున్నవఁట. ఈసారి నేను నవ్వలేదు.