గొడుగా? దుప్పటా?

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక మబ్బు సూర్యునికి అడ్డం వస్తే ప్రాణం లేచివచ్చినట్లుంటుంది. చలికాలంలో రాత్రి మబ్బు కమ్మితే ఆ రాత్రి చలి తగ్గుతుంది. గమనించారా? అదే మబ్బు పగలు గొడుగు, రాత్రి దుప్పటి. యోబు గ్రంథము 37వ అధ్యాయములో ఎలీహు ఈ మేఘముల సంగతి నీకేమి తెలుసునని యోబును నిలదీస్తాడు.

గొడుగు పని ఎక్కువా, దుప్పటి పని ఎక్కువా? నేలమీద నిలబడి తేల్చలేము. 1984లో అమెరికా వారు ఛాలెంజర్ వ్యోమనౌక నుండి ఒక ఉపగ్రహమును వదిలారు. భూమి తిప్పి పంపే ఎండను, భూమి విడిచే వేడిని వేరువేరుగా కొలుచుట దాని పని. మబ్బులేని చోట్ల లెక్కను మొత్తం లెక్కతో పోల్చితే మబ్బుల వాటా బయటపడుతుంది. మన దేశములో పుట్టిన వీరభద్రన్ రామనాథన్ గారు, ఆయన తోటి శాస్త్రజ్ఞులు 1989లో ఆ ఫలితము ప్రకటించారు. 1985 ఏప్రిల్ నెలలో మేఘాలు చదరపు మీటరుకు సుమారు 44 వాట్ల ఎండను తిప్పి పంపాయి, 31 వాట్ల వేడిని పోనీయక పట్టి ఉంచాయి. 13 వాట్ల తేడాతో గొడుగుదే పైచేయి! చిన్న అంకె అనుకోకండి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే పడే అదనపు భారము ఇందులో నాలుగో వంతే.

అన్ని మబ్బులూ ఒకటి కావు. సముద్రముమీద తక్కువ ఎత్తులో దట్టముగా పరచుకొనేది మంచి గొడుగు. చాలా ఎత్తులో ఈకల్లా పలుచగా కనబడేది ఎండను రానిస్తుంది, వేడిని మాత్రం పోనివ్వదు.

ఇప్పుడు శ్రద్ధగా వినండి. 2000 నుండి టెర్రా, తరువాత ఆక్వా మొదలైన ఉపగ్రహాల మీద 'సెరెస్' అనే పరికరములు ఈ కొలత తీస్తూ వచ్చాయి. మనకు చేరే ఎండలో నూటికి సుమారు 29 వంతులు తిరిగిపోతుంది. ఆ వంతు తగ్గుతోంది. 2023లో అది కొలతలలో మునుపెన్నడూ లేనంత తగ్గిందని, తక్కువ ఎత్తులోని మబ్బులు తగ్గుటే దానికి ముఖ్య కారణమని 2024 డిసెంబరులో జర్మనీ శాస్త్రజ్ఞులు తెలిపారు. ఎండలో కూలికి వెళ్లే మనవారికి ఇది దూరపు మాట కాదు.

ఎందుకు తగ్గాయి? 2020 నుండి ఓడల ఇంధనములో గంధకము బాగా తగ్గించారు. ఆ పొగ రేణువుల చుట్టూ సన్నని నీటిచుక్కలు కట్టి మబ్బు మరింత తెల్లబడేది. విచిత్రము చూడండి, గాలి శుభ్రపడింది, గొడుగు పలచబడింది! కాదు, సముద్రము వేడెక్కుటవల్లనే మబ్బు కరిగిపోతున్నదని మరికొందరంటారు. అదే నిజమైతే వేడి మబ్బును తగ్గిస్తుంది, తగ్గిన మబ్బు మళ్లీ వేడిని పెంచుతుంది. వీటిలో దేని వాటా ఎంతో తేల్చుటకు శాస్త్రజ్ఞులు ఇంకా ఆ కొలతలనే పరిశీలిస్తున్నారు.