19 పాయింట్లు వెనకబడి 74 పాయింట్లతో గెలుపు: ఫుటీలో మ్యాచ్ ఎలా తిరగబడుతుంది?

2022 టీ20 వరల్డ్ కప్‌లో పాకిస్తాన్ మీద కోహ్లీ 82 నాటౌట్ కొట్టిన మెల్‌బోర్న్ గ్రౌండ్ గుర్తుందిగా? అక్కడ చలికాలం వచ్చిందంటే ఆ గ్రౌండ్‌లో నడిచేది వేరే ఆట, ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. వాళ్లు ముద్దుగా ఫుటీ అంటారు. ఈ ఆటలో మ్యాచ్ అంత సడెన్‌గా ఎలా తిరగబడుతుందో ఇవాళ చూద్దాం.

ముందు రూల్స్, ఫాస్ట్‌గా చెప్పేస్తా. టీమ్‌కి 18 మంది. కోడిగుడ్డు షేపు బంతి. నాలుగు క్వార్టర్లు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. నడిమి రెండు స్తంభాల మధ్య నుంచి కాలితో కొడితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే బిహైండ్, 1 పాయింట్.

అసలు కిటుకు గోల్ పడ్డాక మొదలవుతుంది. మనం చూసే ఫుట్‌బాల్‌లో గోల్ తిన్న టీమ్‌కే బంతి ఇస్తారు కదా? ఫుటీలో అలా ఇవ్వరు. బంతి గ్రౌండ్ మధ్యకి వస్తుంది. అంపైర్ దాన్ని పైకి విసురుతాడు, 2025 దాకా అయితే నేలకేసి కొట్టి పైకి లేపేవాడు. రెండు టీమ్‌ల నుంచి ఒక్కో పొడుగు ఆటగాడు ఎగిరి, బంతిని తమవాళ్ల వైపు తడతాడు. అలా నేలకేసి కొట్టడాన్ని సెంటర్ బౌన్స్ అనేవారు, ఆ పొడుగాయన్ని రక్ అంటారు.

అంటే ఏంటి? మధ్యలో మీ వాళ్లే గెలుస్తుంటే గోల్ కొట్టి, మళ్లీ బంతి తీసుకుని, మళ్లీ గోల్ కొట్టొచ్చు. అవతలి టీమ్ బంతి ముట్టుకోకుండానే రెండు మూడు గోల్స్ తినేస్తుంది. కోడ్ రాసేవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఎగ్జిట్ కండిషన్ లేని లూప్ ఇది.

పైగా 2019లో 6-6-6 రూల్ వచ్చింది. మధ్యలో ఆట మొదలయ్యే టైమ్‌లో వెనక ఆరుగురు, మధ్యలో ఆరుగురు, ముందు ఆరుగురు ఉండాల్సిందే. అంతకుముందు కష్టాల్లో ఉన్న టీమ్ ఒకరిద్దర్ని అదనంగా వెనక్కి పంపి గోడ కట్టేది. ఇప్పుడు మధ్యలో ఆట మొదలయ్యేదాకా ఆ చాన్స్ లేదు.

ఇప్పుడు 2021 గ్రాండ్ ఫైనల్‌కి వద్దాం. మెల్‌బోర్న్ వర్సెస్ వెస్టర్న్ బుల్‌డాగ్స్. మామూలుగా ఫైనల్ మెల్‌బోర్న్‌లోనే జరగాలి, కానీ కోవిడ్ వల్ల పెర్త్‌కి మార్చారు. మెల్‌బోర్న్ టీమ్ చివరిసారి కప్పు గెలిచింది 1964లో. 57 ఏళ్లు ఎదురుచూసిన ఫ్యాన్స్, తమ ఊళ్లో లాక్‌డౌన్‌లో టీవీ ముందు కూర్చున్నారు.

ఫస్ట్ క్వార్టర్ అయ్యేసరికి మెల్‌బోర్న్ 21 పాయింట్లు ముందుంది. హాఫ్ టైమ్‌కి బుల్‌డాగ్స్ 8 పాయింట్లు ముందుంది. మూడో క్వార్టర్ మధ్యలో ఆ తేడా 19కి పెరిగింది. చూసేవాళ్లకి, అయిపోయింది, ఈసారీ కప్పు రాదు అనిపించే టైమ్ అది.

అక్కడ మొదలైంది లూప్. మెల్‌బోర్న్ కెప్టెన్ మాక్స్ గాన్ పెద్ద పేరున్న రక్. కానీ ఆ టైమ్‌లో మధ్యలో ఎగిరింది ఇంకా 20 ఏళ్లు నిండని ల్యూక్ జాక్సన్. అతను ఎత్తు కంటే చురుకుతనం మీద ఆడే రకం. బంతి కింద పడ్డాక కూడా నాలుగో మిడ్‌ఫీల్డర్‌లా పరిగెడతాడు. పక్కన పెట్రాకా, ఆలివర్. మధ్యలో వరసగా గెలిచారు, ముందున్న ఫ్రిచ్ లాంటి వాళ్లకి బంతి మెరుపులా చేరింది. క్వార్టర్ ముగిసేసరికి మెల్‌బోర్న్ 24 పాయింట్లు ముందుంది! చివరికి 140-66. మ్యాచ్‌లో ఆఖరి 17 గోల్స్‌లో 16 మెల్‌బోర్న్‌వే. పెట్రాకా బెస్ట్ ప్లేయర్, ఫ్రిచ్ 6 గోల్స్.

మరి బుల్‌డాగ్స్ ఏం చేయొచ్చు? ఈ ఆటలో కోచ్ టైమ్‌అవుట్ తీసుకోలేడు. మూడు దారులున్నాయి. ఒకటి, మధ్యలో ఉన్న నలుగుర్ని మార్చడం, ఎటాక్ చేసేవాళ్ల బదులు అడ్డుకునేవాళ్లని దించడం. రెండు, మిడ్‌ఫీల్డర్లు ప్రత్యర్థికీ తమ గోల్‌కీ మధ్యలో నిలబడటం. బంతి దొరక్కపోయినా దారి మూసుకుంటుంది. మూడు, బంతి దొరికితే ముందుకి కొట్టేయకుండా పక్కకి చిన్న చిన్న కిక్‌లు. 15 మీటర్లు దాటిన కిక్‌ని నేల తాకకుండా పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. అప్పుడు ఎవరూ మీద పడకూడదు. ఊపిరి పీల్చుకోవడానికి అదే చాన్స్.

కానీ మూడో దారికి ముందు బంతి దొరకాలి కదా. ఫైనల్లో, అలసిపోయిన కాళ్లతో అదే కష్టం. బుల్‌డాగ్స్‌కి గుండె లేక ఓడిపోలేదు ఫ్రెండ్స్, మధ్యలో బంతి దొరక్క ఓడిపోయారు.

కాబట్టి ఈసారి ఫుటీ చూస్తే, గోల్ పడగానే రీప్లే వదిలేసి మధ్యలో ఎవరు నిలబడ్డారో చూడండి. తర్వాతి గోల్ ఎవరిదో సగం అక్కడే తెలిసిపోతుంది. మెల్‌బోర్న్‌లో చదువుకునే ఫ్రెండ్ ఉంటే ఈ వీడియో పంపండి, వాళ్ల టీమ్ ఏదో కామెంట్‌లో చెప్పమనండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం, బై!