టెక్కు, నిక్కు, పొగరు

నేను మాచర్లలో ఉపాధ్యాయుడుగా ఉన్న దినములలోని మాట. ఒకనాడు పదవ తరగతి పిల్లలకు ‘స్నాబ్’ అను ఆంగ్లపదమునకు అర్థము చెప్పుచుంటిని. తనకంటె పైవానియెదుట తలవంచి, క్రిందివానిని చిన్నచూపు చూచువాడు స్నాబు అని చెప్పితిని. అంతటితో ఊరకుండక, ‘సినే నోబిలిటాటె’, అనగా ‘కులీనత లేనివాడు’ అను లాటిను మాటలనుండి ఈ పదము పుట్టినదని కూడ సెలవిచ్చితిని. వెనుక వరుసలోని పిల్లవాడొకడు లేచి, “అయ్యా, మన గ్రంథాలయములోని నిఘంటువులో అట్లు లేదండి. చెప్పులు కుట్టువాడు అని ఉన్నదండి” అనెను. వాని తండ్రి నాపరాతి క్వారీలో కూలి. నాకు కోపము వచ్చినది. “నాలుగు ముక్కలు రాగానే కొమ్ములు మొలిచినవా?” అంటిని. తరగతియంతయు నవ్వినది. వాడు కూర్చుండెను.

ఆ సాయంకాలము నిఘంటువు తీసి చూచితిని. పిల్లవాడు చెప్పినదే నిజము. లాటిను కథ ఎవరో తరువాత అల్లినది. 18వ శతాబ్ది చివరలో స్నాబు అనగా చెప్పులు కుట్టువాడు, లేక వానియొద్ద పని నేర్చుకొనువాడు. పిమ్మట కేంబ్రిడ్జి విద్యార్థులు విశ్వవిద్యాలయమునకు చెందని ఊరివారిని ఈ మాటతో చులకన చేసిరి. క్రమముగా అది పెద్దలను అనుకరించువానికి పేరైనది. 1811లో మన కలకత్తాలో పుట్టిన థాకరే అను రచయిత 1846, 47 సంవత్సరములలో ‘పంచ్’ పత్రికలో స్నాబులను గూర్చి వ్యాసములు వ్రాసి, 1848లో వానిని పుస్తకముగా వెలువరించెను. ఆ వ్యాసములతో ఈ మాట లోకములో బాగుగా వ్యాపించినది. క్రిందివానిని వెక్కిరించుటకు పుట్టిన మాట కాలక్రమమున వెక్కిరించువానికే అంటుకొనినది!

ఆంగ్లేయుల వాడుకభాషలో ఇట్టి మాటలు కొల్లలు. వానిలో పెక్కింటికి నెలవు ముక్కు. ‘స్నూటీ’ అను మాటకు మూలము ‘స్నూట్’, అనగా ముట్టె. ముట్టె పైకెత్తి నడచువాడు స్నూటీ. ‘టాఫీ నోజ్డ్’ అను మాటలోని టాఫీ మన పిల్లలు చప్పరించు మిఠాయి కాకపోవచ్చును. ‘టాఫ్’ అనగా షోకుగల పెద్దమనిషి. ఒకప్పుడు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలలో ప్రభువుల బిడ్డలు టోపీకి బంగారు కుచ్చు ధరించెడివారు. ఆ కుచ్చు పేరు ‘టఫ్ట్’. దానినుండియే ‘టాఫ్’ వచ్చియుండునని భాషావేత్తల ఊహ. ఇక ‘హై హార్స్’, అనగా ఎత్తైన గుఱ్ఱము. దానిపై నెక్కి మాటలాడువాడు దిగిరాడు. మనవాడైనచో అందలమెక్కును.

మన తెలుగులో ముక్కుకంటె తలకు పని యెక్కువ. కండ్లు నెత్తికెక్కును, చదువు తలకెక్కును, తలపై కొమ్ములు మొలచును. తల చాలనిచో ఒడలు క్రొవ్వెక్కును. మన మాటలలోని భేదములు కూడ సూక్ష్మమైనవి. బడాయి నోట నుండును. డాబు బట్టలలో నుండును. టెక్కు నడకలోను, నిక్కు మెడలోను కనబడును. పొగరు మాత్రము మనిషియంతట నుండును. అయినను వీనిలో ఏదియు స్నాబునకు సరియైన మాట కాదు. పొగరుబోతు ఎవనికిని వంగడు. స్నాబు పైకి వంగును, క్రిందికి మాత్రమే నిక్కును. ఆ మనిషిని పట్టియిచ్చుటకు మనకు సామెత కావలెను. అల్పునికి ఐశ్వర్యము వచ్చినచో అర్ధరాత్రి గొడుగు పట్టుమన్నాడని పెద్దలన్నది ఇంచుమించుగా వీనిని గూర్చియే.

‘కాకీ’ అను మరియొక మాట కలదు. ‘కాక్’ అనగా కోడిపుంజు. పుంజువలె రొమ్ము విఱచుకొని తిరుగువాడు కాకీ. ఈ మాటను పలనాటివారికి ఎవరును వివరింపనక్కఱలేదు. 12వ శతాబ్దినాటి వీరుల కథలో గురజాల నలగామరాజు పక్షమునకును, మాచర్ల మలిదేవరాజు పక్షమునకును కోడిపోరు జరిగినదనియు, ఓడిన మాచర్లవారు ఏడేండ్లు ప్రవాసము పోయిరనియు మన వీరగాథ చెప్పుచున్నది. పుంజుల పొగరునకు మనుష్యులు చెల్లించిన వెల కార్యమపూడి రణభూమిలో తేలినది.

గర్వమును గూర్చిన మాటలలో మనకును ఆంగ్లేయులకును ఇచ్చిపుచ్చుకొనుట కూడ జరిగినది. తూర్పు ఇండియా కంపెనీ కొలువులో ధనము గడించి స్వదేశమునకు మరలి, అచ్చట దర్పము చూపినవారిని వారి దేశీయులే ‘నేబాబ్’ అనిరి. అది మన నవాబే. 1772లో శామ్యూల్ ఫుట్ ఆ పేరుతోనే ఒక ప్రహసనము ప్రదర్శించెను. మనమో, వారి ‘లార్డు’ను తెచ్చుకొని, పని చేయక ఆజ్ఞలు వేయువానిని ‘లాటుసాహెబు’ అనుచున్నాము. ఒకరి ప్రభువు మఱియొకరికి పరిహాసమైనాడు. ఇక పరభాషనే టెక్కుగా ధరించినవాని రూపము చూడవలెనన్న గురజాడవారి గిరీశము చాలును. 1892లో ‘కన్యాశుల్కము’ రంగమెక్కినది మొదలు నేటివఱకు, రెండు ఇంగ్లీషు ముక్కలతో ఎదుటివానిని బెదరించు ప్రతివానిలోను మనము గిరీశమును గుర్తించుచునే యున్నాము.

ఇంతవఱకు వినోదము. ఇక వినోదము కానిది యొకటి. అమెరికాలో ‘అప్పిటీ’ అను మాట కలదు. 1880లో వెలువడిన జోయెల్ చాండ్లర్ హారిస్ ‘అంకుల్ రీమస్’ గ్రంథమునందు అది కనబడును. పైకి చూచిన దాని అర్థము పొగరుబోతనియే. కాని తెల్లవారు దానిని ముఖ్యముగ నల్లవారిపై ప్రయోగించిరి. తలయెత్తి మాటలాడిన నల్లవాడు అప్పిటీ. పొరుగువారితో సమానముగ ఓటు కోరినవాడు అప్పిటీ. ఈ మాట వాని నడతను కొలువదు. వాని స్థానము ఇది యని గీత గీయును.

అట్టి గీతలు మన యూళ్ళలో లేవా? కలవాడు మెల్లగా నడచిన ఠీవి. లేనివాడు అట్లే నడచిన టెక్కు. ఆసామి లెక్క అడిగిన జాగ్రత్త. కూలివాడు లెక్క అడిగిన పొగరు. మంత్రాంగము నడపిన మగవాడు ధీశాలి. నలగామరాజు కొలువులో అదే పని చేసిన నాయకురాలు నాగమ్మను మన కథకులు ఏ మాటలతో వర్ణించిరో మీరెఱుగుదురు. ఆమె తప్పులు ఆమెకు కలవు. కాని ఆడుది యగుట వలన ఆమెకు అంటిన మాటలెన్నో వేఱు చేసి చూడవలెను.

కావున ఎవరినైనను పొగరుబోతని విన్నప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ మాట ఎవరు ఎవరిని అన్నారు? ఆ మనిషి ఇతరులను త్రొక్కినాడా, లేక తాను వంగలేదా? త్రొక్కినవానికి ఆ మాట తగును. వంగనివానికి తగదు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని చెప్పుదురు. చాపకూడు పేరు మనకు నేటికిని గర్వకారణము. నాడు ఆ పంక్తిలో కూర్చున్నవారిని చూచి కొమ్ములు మొలిచినవని ఎందఱు అనియుందురో!

ఆ పిల్లవాని సంగతి చెప్పి ముగింతును. మరునాడు తరగతిలో నిలిచి, “నిన్న వాడు చెప్పినదే ఒప్పు, నేను చెప్పినది తప్పు” అంటిని. ఈసారి ఎవరును నవ్వలేదు. వాడు తల వంచుకొని వినెను. పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకొనెను. కాని ఆ సంవత్సరము ముగియువఱకు నా తరగతిలో వాడు మరల లేచి ఒక్క ప్రశ్నయు అడుగలేదు.