కంప్యూటరులోనికి మూటలు దించుట, తీయుట



మండలి వెంకట కృష్ణారావుగారిని దివిసీమలో నెరుగనివారుండరు. 1975లో హైదరాబాదున మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు విద్యామంత్రి ఆయనయే. ఆయన పేర 'మండలి' యను తెలుగు అక్షరముల అచ్చు కలదు. సిలికానాంధ్రవారు దానిని ఉచితముగా లోకమున కొసగిరి. మీ గ్రంథాలయపు కంప్యూటరులో డెబియన్ అను ఉచిత వ్యవస్థ యున్నచో, దానిని తెచ్చుకొనుటకు బెజవాడ బజారునకు పోనక్కరలేదు. టెర్మినల్ అను తెరపై నొక పంక్తి వ్రాసిన చాలును: 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలుగువిజయం'. యంత్రమునకు మాత్రము ఇంగ్లీషు లిపిలోనే వ్రాయవలెను; నేను పలుకుబడి చెప్పితిని.

'సుడో' యన యజమాని యధికారముతో చేయుమనుట. యంత్రము రహస్యపదము నడుగును. దానిని టైపు చేయునప్పుడు సామాన్యముగా తెరపై చుక్కయైన కనబడదు. మీటలు చెడినవేమో యని గాబరాపడక ఎంటరు నొక్కుడు. 'ఆప్ట్' మన గుమాస్తా. 'ఇన్‌స్టాల్' అన దింపుము. ముందుగా 'సుడో ఆప్ట్ అప్‌డేట్' అని చెప్పుట మేలు. అది సరుకు తేదు, సరుకుల జాబితాను మాత్రము క్రొత్తది తెచ్చును.

శివారు పొలమునకు నీరందవలెనన్న పెద్దకాలువ, పిల్లకాలువ, బోదె యన్నియు తెరచియుండవలెను గదా. మూటలును అట్లే యొకదానిపై నొకటి యాధారపడి యుండును. 1999లో వెలువడిన డెబియన్ 2.1తో ఆప్ట్ చేరి, ఈ వరుస చూచుకొను శ్రమను చాలవరకు తగ్గించెను. ధ్రువీకరణ చీటి చూడక విత్తనపు సంచి కొనమే, జాబితాకును అట్టి ముద్ర కలదు. ఆప్ట్ దానిని పరీక్షించును. ఎవరో చూపిన పంక్తిని తెలియకయే సుడోతో నతికించుట ఈ కావలిని దాటించుటయే.

తీయుటలో నున్నది అసలు చిక్కు. 'రిమూవ్' అనిన మూట పోవును, దాని యమరికల చీటీలు మిగులును. 'పర్జ్' అనిన నవియు పోవును. మీరు వ్రాసికొన్న ఉత్తరముల జోలికి ఇవి రావు. కాని లెక్కలు దాచు మరియాడీబీ వంటి మూటల విషయము వేరు: దానిని పర్జ్ చేయునప్పుడు, దాచిన లెక్కలను గూడ తుడిచివేయుదునా యని యడుగును. గ్రంథాలయములలో వాడు కోహా సాఫ్ట్‌వేరు పుస్తకముల పట్టికను అట్టి చోటనే యుంచును. చదువక 'అవును' అన్న కుఱ్ఱవాడు ఏండ్ల తరబడి వ్రాసిన పట్టికను క్షణములో పోగొట్టగలడు.

పైథాన్ అను పేరు చూచి, కొండచిలువ మనకేల యని తీయబూనువారును గలరు. ఆ పేరు పామునుండి రాలేదు, ఇంగ్లండు హాస్య కార్యక్రమమునుండి వచ్చినది! దానిపై నాధారపడిన మూటలనేకములు. వెంట తెరపైనున్న బొమ్మల ముంగిలియే పోవచ్చును.

ఐనను ఆప్ట్ మోసగాడు కాదు. ఇట్టి వేళ ఏవి పోవునో జాబితా వ్రాసి, సమ్మతి యడిగి యాగును. ఒక్క మూటను తీయుమనిన నలువది పేర్లు కనబడెనా, 'ఎన్' నొక్కి లేవవలెను. సందేహమున్నచో పంక్తికి రెండు అడ్డగీతలతో 'సిమ్యులేట్' అని చేర్చుడు. ఏమియు కదల్పక ఏమి జరుగునో చెప్పును. 'ఆటోరిమూవ్' అనునది ఎవరికిని అక్కరలేక మిగిలిన మూటలను ఊడ్చును; దాని జాబితాను సైతము చదివియే ఒప్పుకొనుడు. లెక్కలున్న యంత్రమైనచో వానికి నకలు తీసి వేరొక డిస్కులో పెట్టిన పిమ్మటనే పర్జ్ మాట.